జారిన చెప్పు నుంచి యాభై ప్రతుల దాకా: మినిమలిస్ట్ స్ట్రీట్ ఆర్ట్ ప్రింట్ తయారీకి సమగ్ర మార్గదర్శి

వీధి గోడ మీది బొమ్మ పొదుపుగా ఉండడం మొదట్లో అభిరుచి కాదు, అవసరం. ఫ్రెంచ్ వీధి కళాకారుడు బ్లెక్ లె రా 1981లో పారిస్ గోడల మీద ఎలుకల బొమ్మలు వేయడానికి స్టెన్సిల్ పట్టుకున్నాడు. అట్టలో ముందే కోసి తెచ్చుకుంటే గోడ దగ్గర నిమిషంలో పనైపోతుంది. అమెరికన్ కళాకారుడు కీత్ హేరింగ్ 1980 నుంచి దాదాపు ఐదేళ్ళు న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో, ఖాళీ ప్రకటన పలకల మీద అతికించిన నల్లకాగితంపై తెల్ల సుద్దతో గీశాడు. ఎవరో వచ్చి పట్టుకునేలోపు ముగించాలి, వేసిన గీతను దిద్దుకునే వీలు లేదు. కాబట్టి తప్పనిసరైన చోటే గీత పడింది.

అదే బొమ్మ ప్రింటుగా మారితే ఆ తొందర ఉండదు. బల్ల ఉంటుంది, దీపం ఉంటుంది, చేతినిండా సమయం ఉంటుంది. చిక్కంతా అక్కడే. తీరిక దొరికితే చెయ్యి ఊరుకోదు. ఇక్కడ కాస్త నీడ, అక్కడ ఓ చెట్టు, ఇంకో రంగు అంటూ పెంచుకుంటూ పోతుంది. గోడ మీది బొమ్మను దారిన పోయేవాళ్ళు ఒక్కసారి చూస్తారు. ప్రింటు తెచ్చుకున్న మనిషి దాన్ని ఏళ్ళ తరబడి రోజూ చూస్తుంది. మొదటి చూపులో తగలాలి, వెయ్యో చూపులో కూడా ఏదో మిగలాలి. ఈ రెండూ కుదరాలంటే తీసేయడం నేర్చుకోవాలి. అందుకే ఈ మార్గదర్శిలో సగం తీసేయడం గురించే ఉంటుంది. సిరా, స్క్రీన్, కాగితం ఆ తర్వాత. నేను వేసిన ఒక ప్రింటునే మొదటి నుంచి చివరి దాకా వెంటబెట్టుకుని చెబుతాను.

1. సమస్యను కాదు, ఒక క్షణాన్ని పట్టుకోండి

"నిరాశ్రయులు", "ఒంటరితనం", "యుద్ధం" అనే మాటలతో మొదలుపెట్టకండి. అవి శీర్షికలు, బొమ్మలు కావు. వాటితో మొదలుపెడితే చెయ్యి వెంటనే అందరికీ తెలిసిన గుర్తుల దగ్గరికి పోతుంది. పగిలిన గుండె, సంకెళ్ళు, పావురం, ఒక కన్నీటి చుక్క. చూసేవాళ్ళకు అర్థమవుతుంది గానీ ఏమీ అనిపించదు.

దానికి బదులు ఒక వాక్యం రాసుకోండి. అందులో కంటికి కనబడని మాట ఒక్కటీ ఉండకూడదు. ఒంటరితనం అనుకున్నారనుకోండి. "రెండు కప్పులు తీసి, ఒకదాన్ని మళ్ళీ అలమరలో పెట్టేసిన ముసలాయన" అని రాయండి. బొమ్మ అప్పుడే సగం వచ్చేసింది.

ఇళ్ళు కూల్చివేసి జనాన్ని ఖాళీ చేయించడం గురించి నేను రాసుకున్న వాక్యం ఇది: "నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని తల్లి నడుస్తోంది. పిల్లాడి చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. ఆమెకింకా తెలియదు." ఆ చివరి మాట దొరకడానికి నాకు వారం పట్టింది. అది లేనంతవరకూ నా దగ్గరున్నది ఒక దృశ్యం మాత్రమే. చూసేవాళ్ళకు తెలిసి, బొమ్మలోని మనిషికి తెలియనిది ఒకటి ఉన్నప్పుడు మనసు చివుక్కుమంటుంది. మీ వాక్యంలో అలాంటిది ఏమైనా ఉందా అని వెతకండి. లేకపోతే కాగితం ముట్టకండి, ఇంకో రెండు రోజులు ఆగండి.

2. భావాన్ని ముఖంలో కాదు, ఒంట్లో పెట్టండి

ముఖం గీస్తే అది ఫలానా మనిషి అవుతుంది. దూరం నుంచి చూస్తే ఆ ముఖంలోని భావం కనబడదు కూడా. మెడ వంపు, భుజం ఎత్తు, వేళ్ళు ముడుచుకున్న తీరు మాత్రం వీధి అవతలి వైపు నుంచి కూడా చదవొచ్చు. హేరింగ్ మనుషుల్లో చాలామందికి కళ్ళూ ముక్కూ ఉండవు. అయినా ఎవరు గంతులేస్తున్నారో, ఎవరు భయపడుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

ఈ విషయంలో నేను పదే పదే వెళ్ళేది జర్మన్ కళాకారిణి కేథే కోల్విట్జ్ దగ్గరికి. ఆమె చిన్న కొడుకు 1914 అక్టోబరులో యుద్ధంలో చనిపోయాడు. కొన్నేళ్ళ తర్వాత, 1921–22 ప్రాంతంలో, యుద్ధం మీద ఏడు చెక్క అచ్చులు చేసింది. వాటిలో ఒకదానిలో తల్లులందరూ ఒకరినొకరు హత్తుకుని ఒకే నల్లటి ముద్దలా నిలబడి ఉంటారు. ఆ ముద్దలోంచి పెద్ద పెద్ద చేతులు, వాటి సందుల్లోంచి తొంగిచూసే పిల్లలు. ఏడుపు అక్కర్లేకపోయింది, చేతుల బరువే అంతా చెప్పింది. అంతకుముందు ఆమె లోహపు పలకల మీద సన్నని గీతలతో ఎంతో నైపుణ్యంగా పనిచేసిన మనిషి. ఆ నైపుణ్యాన్ని పక్కనపెట్టి మొరటు చెక్కను ఎంచుకుంది. దీని గురించి ఆలోచించి చూడండి.

సాధన ఇలా చేయండి. ఇంట్లో ఒకరిని అదే భంగిమలో నిలబెట్టి, వెనక కిటికీ వెలుతురు ఉండేలా ఫొటో తీయండి. మనిషి మొత్తాన్ని నల్లగా నింపేయండి. ఆ నల్లటి ఆకారం ఒక్కటే చూసి ఏం జరుగుతోందో చెప్పగలిగితే భంగిమ సరైనదే. చెప్పలేకపోతే చెయ్యి ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది, లేదా మనిషి కెమెరాకు ఎదురుగా ఉంటుంది. కాస్త పక్కకు తిప్పండి. మోచేతికీ నడుముకూ మధ్య వెలుతురు కనబడాలి.

నిద్రపోయే పిల్లాడి విషయంలో కీలకమంతా కాలులో ఉందని ఈ సాధనలోనే తెలిసింది. మెలకువగా ఉన్న పిల్లాడు కాళ్ళతో తల్లి నడుమును పట్టుకుంటాడు. నిద్రపోతే కాళ్ళు వేలాడతాయి, పాదం బొటనవేలి వైపుకు వాలుతుంది. ఆ ఒక్క వాలు గీస్తే చాలు, కళ్ళు మూసుకున్నాడని వేరే చెప్పక్కర్లేదు.

ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో మీద గీయకండి. అమెరికన్ కళాకారుడు షెపర్డ్ ఫెయిరీ 2008లో ఒబామా బొమ్మతో చేసిన ప్రసిద్ధ "హోప్" పోస్టరుకు ఆధారమైన ఫొటో విషయంలో అసోసియేటెడ్ ప్రెస్‌తో వివాదం వచ్చి, అది 2011లో రాజీతో ముగిసింది. చట్టం సంగతి అలా ఉంచినా, బాధలో ఉన్న ఒక నిజమైన మనిషి ఫొటోను ఆ మనిషికి తెలియకుండా ప్రింటు చేసి అమ్మడం నాకు సబబుగా తోచదు. మీరే భంగిమ పెట్టించుకుని, మీరే ఫొటో తీసుకోండి.

3. తీసేయండి

నా మొదటి చిత్తులో కూలిన గోడలు, బుల్డోజరు, మూటలు మోసుకెళ్ళే జనం, వాళ్ళ ముందు తల్లీబిడ్డా ఉన్నారు. తప్పేమీ లేని బొమ్మ. చూసినవాళ్ళు "అయ్యో" అన్నారు, పక్కకు తిరిగిపోయారు.

తీసేయడానికి నా పద్ధతి ఇది. చిత్తు మీద పల్చటి ట్రేసింగ్ కాగితం వేసి, ఒక్క వస్తువును వదిలేసి మిగతాది తిరిగి గీయాలి. గీశాక అడగాలి: వాక్యం ఇంకా బతికే ఉందా? ఉంటే ఆ వస్తువు అనవసరం. మరో కాగితం వేసి ఇంకోటి తీయాలి. వాక్యం చచ్చిపోయిన చోట ఒక అడుగు వెనక్కి వేయాలి.

ముందు బుల్డోజరు పోయింది. పోగానే బొమ్మ మెరుగైంది, ఎందుకంటే అది ఉన్నంతసేపూ కన్ను దాని మీదికే పోయేది. తర్వాత జనం, గోడలు. తర్వాత తల్లి ముఖం. తర్వాత, చాలా తటపటాయించి, తల్లి నడుము కింది భాగం. మిగిలింది ఒక భుజం వంపు, దాని మీద వాలిన చిన్న తల, కిందికి వేలాడే రెండు కాళ్ళు. ఒక పాదానికి చెప్పు ఉంది, రెండోదానికి లేదు. కాగితం అడుగున ఎక్కడో దూరంగా ఒక చిన్న ఎర్ర చెప్పు.

భుజం కూడా తీసేసి చూశాను. కాళ్ళు గాల్లో వేలాడాయి. చూడగానే మరణం గుర్తొచ్చింది, నేను చెప్పదలచింది అది కాదు. భుజాన్ని వెనక్కి తెచ్చాను. ఎక్కడ ఆగాలో ఇలా ఒక అడుగు ఎక్కువ వేసి చూస్తేనే తెలుస్తుంది.

ఇక ఖాళీ. మినిమల్ బొమ్మలో ఖాళీని మిగిలిపోయిన చోటుగా చూడకండి. అది కూడా ఒక పాత్రే. నా ప్రింటు 50 × 70 సెంటీమీటర్ల నిలువు కాగితం. మొదట చెప్పును పాదానికి సరిగ్గా కిందే పెట్టాను. ఒక స్నేహితురాలికి చూపిస్తే, "ఇప్పుడే పడిపోయినట్టుంది, వంగి తీసుకోవచ్చుగా" అంది. ఆమె మాట నిజమే. చెప్పును కుడివైపు అడుగు మూలకు జరిపాను, బొమ్మను ఎడమవైపు పైకి తోశాను. రెండింటి మధ్య ముప్పావు వంతు కాగితం తెల్లగా మిగిలింది. ఆ తెలుపంతా వాళ్ళు నడిచొచ్చిన దూరం అయింది. గీత ఒక్కటీ మారలేదు, దూరం మారింది, అంతే.

రెండు పరీక్షలు పెట్టండి. బొమ్మను తపాలా బిళ్ళంత చిన్నది చేసి చూడండి, అప్పటికీ అర్థం కావాలి. తర్వాత ఏమీ చెప్పకుండా ఐదుగురికి చూపించి "ఇక్కడ ఏం జరిగింది?" అని అడగండి. "బాగుందా?" అని మాత్రం అడగొద్దు. మర్యాదకు బాగుందనే అంటారు, దానివల్ల మీకు తెలిసేదేమీ ఉండదు.

4. రంగు, అక్షరం

ఒక నలుపు, ఒక రంగు. మొదటి పది ప్రింట్లకు ఇదే నియమంగా పెట్టుకోండి. ఆ ఒక్క రంగూ మీ వాక్యంలో అతి ముఖ్యమైన దానికి మాత్రమే దక్కాలి. పసిపిల్లాడి చొక్కా, ఆకాశం, చెప్పు మూడూ ఎరుపైతే ఎరుపుకు విలువే పోతుంది. బ్రిటిష్ వీధి కళాకారుడు బ్యాంక్సీ వేసిన "గర్ల్ విత్ బెలూన్"లో ఎరుపు బెలూన్ మీదే ఉంది, అమ్మాయి మొత్తం నలుపే. చెయ్యి బెలూన్‌ను వదిలేసిందా, అందుకోబోతోందా అన్నది తేలదు. 2002లో లండన్‌లో ఆ బొమ్మ కనిపించినప్పటి నుంచి జనం దాన్ని రెండు రకాలుగానూ చదువుతూనే ఉన్నారు.

అక్షరాలు వీలైతే వద్దు. బొమ్మ చెప్పలేనిది మాటతో చెప్పించాలనిపిస్తే బొమ్మ ఇంకా పూర్తవలేదని అర్థం. తప్పదనుకుంటే మూడు మాటలు దాటకండి.

5. పద్ధతి ఎంచుకోవడం

నాలుగు దారులున్నాయి. స్టెన్సిల్ పెట్టి స్ప్రే కొట్టడం అన్నింటికన్నా చవక. అంచుల్లో కాస్త సిరా పొగ కమ్మినట్టు ఉంటుంది, వీధి వాసన పోదు. ప్రతి ప్రతీ కాస్త తేడాగా వస్తుంది. లినోలియం పలకను చెక్కి తీసే లినో అచ్చుకు ఒక చెక్కుడు కత్తి, రోలరు, గరిటె వీపు చాలు, ప్రెస్ లేకపోయినా రుద్ది తీయొచ్చు. బొమ్మ అద్దంలోలా తిరగబడుతుందని మాత్రం మరవకండి. బెంగాలీ కళాకారుడు చిత్తప్రసాద్ లినో అచ్చులు చూస్తే ఆ పదార్థం కోపాన్నీ జాలినీ ఎంత సూటిగా మోస్తుందో తెలుస్తుంది. పిగ్మెంట్ ఇంక్‌జెట్ ప్రింటుకు, అంటే జిక్లేకు, ఫైలు అసలు కొలతలో అంగుళానికి 300 పిక్సెళ్ళు ఉంటే చాలు. సన్నని రంగు మార్పులున్న బొమ్మలకు అది మంచిదే. గట్టి నలుపు, గట్టి ఎరుపు బొమ్మలకు మాత్రం నాకు స్క్రీన్ ప్రింటింగే, అంటే ఫ్రేముకు బిగించిన సన్నని జాలీగుడ్డలోంచి సిరాను కాగితం మీదికి దించడమే ఇష్టం. సిరా కాగితంలోకి ఇంకకుండా పైన ఒక పొరలా కూర్చుంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. పారిస్‌లో 1968 మేలో విద్యార్థులు లలితకళల కళాశాలను ఆక్రమించి రాత్రికి రాత్రి పోస్టర్లు గుద్దింది కూడా ఎక్కువగా స్క్రీన్ మీదే. నేర్చుకోవడం తేలిక, వేగం ఎక్కువ.

6. స్టెన్సిల్ కోయడం

స్క్రీన్ వాడదలచుకున్నా సరే, ముందు ఒకసారి స్టెన్సిల్ కోయండి. ఏ ఆకారం దేనికి అతుక్కుని ఉందో చేతికి అప్పుడే తెలుస్తుంది.

స్టెన్సిల్‌లో పెద్ద తలనొప్పి దీవులు. "ఠ" అక్షరం కోశారనుకోండి, లోపలి భాగం ఊడి కిందపడుతుంది. సున్నా కోస్తే గుండ్రటి రంధ్రమే మిగులుతుంది. లోపలి ముక్కను బయటి అట్టకు కలుపుతూ సన్నని వంతెన వదలాలి. బొమ్మల్లోనూ అంతే. వంతెనను ఎక్కడ పెట్టాలన్నది సాంకేతిక విషయంగా చూడొద్దు, అది కూడా గీయడమే. బట్ట మడత పడే చోట, వెలుగు తగిలే చోట వంతెన పెడితే అది బొమ్మలో కలిసిపోతుంది. నేను పిల్లాడి మెడకూ తల్లి భుజానికీ మధ్య ఒక వంతెన వదిలాను. ప్రింటులో అది అక్కడ పడిన సన్నని వెలుగులా కనిపిస్తుంది. అది లేకపోతే ఇద్దరూ ఒకే మచ్చ అయ్యేవారు.

పల్చటి ప్లాస్టిక్ షీటు గానీ గట్టి అట్ట గానీ వాడండి. కత్తి బ్లేడు తరచూ మార్చండి, మొద్దు బ్లేడు జారి వేలు తెగుతుంది. చిన్న రంధ్రాలు ముందు, పెద్దవి తర్వాత. పెద్దవి ముందు కోసేస్తే షీటు వదులై కదులుతుంది. వంపు తిరిగే చోట కత్తిని కాదు, షీటును తిప్పండి.

స్ప్రే డబ్బాను 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, కాగితానికి నిటారుగా పట్టుకుని, పల్చటి పూతలు రెండు మూడు వేయండి. ఒకేసారి మందంగా కొడితే రంగు షీటు కిందికి పాకుతుంది. ఆరుబయట చేయండి. గుడ్డ మాస్కు సరిపోదు, రసాయన ఆవిర్లను ఆపే ఫిల్టర్లున్న రెస్పిరేటర్ పెట్టుకోండి.

7. స్క్రీన్ సిద్ధం చేయడం

ప్రతి రంగుకూ ఒక ఫిల్మ్ కావాలి. పారదర్శకమైన షీటు మీద ఆ రంగు పడే చోటంతా చిక్కటి నలుపులో ఉండాలి. ఫిల్మును దీపానికెదురుగా పట్టి చూడండి, నలుపులోంచి వెలుతురు కనిపిస్తే అది పనికిరాదు. నాకు రెండు ఫిల్ములు, నలుపుకు ఒకటి, ఎర్ర చెప్పుకు ఒకటి.

మెష్ (ఫ్రేముకు బిగించే ఆ జాలీగుడ్డ) విషయంలో చాలామంది పొరబడతారు. బట్టల మీద వేయడానికి వాడే 43 దారాల మెష్‌తో కాగితం మీద వేస్తే సిరా ఎక్కువగా దిగి అంచులు ఉబ్బుతాయి. కాగితానికి సెంటీమీటరుకు 77 నుంచి 90 దారాలున్నది తీసుకోండి. అంగుళం లెక్కలో అయితే సుమారు 195 నుంచి 230.

మెష్‌ను సబ్బు నీళ్ళతో కడిగి జిడ్డు పోగొట్టి ఆరబెట్టండి. పసుపు దీపం వెలుతురులో, వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్‌ను రెండు వైపులా ఒక్కో పూత, పల్చగా, సమంగా లాగండి. కాగితం తగిలే వైపు కిందికి ఉండేలా, చీకటిలో, అడ్డంగా పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఫిల్మును స్క్రీన్ మీద పెట్టి దీపం వెలుతురు చూపించాలి, అదే ఎక్స్‌పోజ్ చేయడం. నలుపు కింద వెలుతురు పడని ఎమల్షన్ కడిగితే పోతుంది. ముందు ఆరబెట్టినప్పుడు కొంచెం తడి ఉన్నా ఎక్స్‌పోజ్ చేశాక కడిగేటప్పుడు బొమ్మంతా కారిపోతుంది. ఎక్స్‌పోజ్ సమయం ప్రతి దీపానికీ, ప్రతి ఎమల్షన్‌కూ వేరు. ఇంకొకరి నిమిషాల లెక్క మీకు పనికిరాదు. ఒక పాత స్క్రీన్ మీద అట్టముక్కను కొద్దికొద్దిగా జరుపుతూ ఐదారు రకాల సమయాలు ఇచ్చి చూడండి. కడిగినప్పుడు బొమ్మ శుభ్రంగా తెరుచుకుని, మిగతా ఎమల్షన్ జిగటగా కాకుండా గట్టిగా నిలిచిందే సరైన సమయం.

ఆరాక స్క్రీన్‌ను వెలుతురుకు పట్టి, సూదిమొనంత రంధ్రాలేమైనా ఉన్నాయేమో ఓపికగా వెతికి మూసేయండి. నిండుగా గీతలున్న పోస్టరులో ఒక చుక్క ఎవరికీ కనబడదు. మన కాగితంలో ముప్పావు వంతు తెలుపు, ఒక్క నల్లచుక్క పడినా కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

8. అచ్చు వేయడం

కాగితం నూలుతో చేసినది, యాసిడ్ లేనిది, చదరపు మీటరుకు 250 నుంచి 300 గ్రాములు, అంటే 250 నుంచి 300 జీఎస్‌ఎం మందం. పూర్తి తెలుపు కన్నా కాస్త వెచ్చటి తెలుపు మనిషి బొమ్మలకు నప్పుతుందని నా అభిప్రాయం. అనుకున్న ప్రతుల కన్నా ఐదో వంతు ఎక్కువ కాగితాలు కోసుకోండి.

నీటి ఆధారిత ఎక్రిలిక్ రంగును స్క్రీన్ ప్రింటింగ్ మీడియంతో దాదాపు సగానికి సగం కలపండి. మీడియం కలపకపోతే సిరా మెష్‌లోనే ఆరిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి. ఎరుపు కొనేటప్పుడు ఎండకు వెలిసిపోని పిగ్మెంట్ ఉన్నదో లేదో డబ్బా మీద చూడండి. కొన్ని ఎరుపులు చాలా తొందరగా పాలిపోతాయి. నా బొమ్మలో చెప్పు పాలిపోతే బొమ్మే లేదు.

స్క్రీన్‌కూ కాగితానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఫ్రేము మూలల కింద అట్టముక్కలు పెడితే చాలు. ముందు స్క్రీన్‌ను కొద్దిగా ఎత్తి, సిరాను మెల్లగా లాగి మెష్ నింపుకోండి. తర్వాత కిందికి దించి, స్క్వీజీని (సిరా లాగే రబ్బరు పలకను) 60 డిగ్రీల వంపులో పట్టుకుని, ఆపకుండా ఒకే ఒత్తిడితో లాగండి. అయిపోయిన వెంటనే మళ్ళీ సిరా నింపి ఉంచండి. ఫోన్ మోగినా సరే స్క్రీన్‌ను ఖాళీగా వదిలి వెళ్ళకండి.

రెండో రంగును సరైన చోట పడేయడానికి ఒక చిట్కా. బల్ల మీద పారదర్శక షీటును ఒక అంచున టేపుతో పుస్తకం అట్టలా అతికించండి. రెండో రంగును ముందు దాని మీద వేయండి. ఇప్పుడు నలుపు వేసి ఆరిన కాగితాన్ని ఆ షీటు కింద పెట్టి, ఎర్ర చెప్పు ఎక్కడ పడాలో అక్కడికి జరపండి. కాగితాన్ని కదపకుండా దాని పొడవాటి అంచుకు రెండు, పొట్టి అంచుకు ఒకటి మందపాటి అట్టముక్కలు బల్లకు అతికించండి. షీటును తీసేయండి. ఇక ప్రతి కాగితం ఆ మూడింటికి ఆనిస్తే చాలు. రెండు రంగులు ఒకదానికొకటి తగిలే బొమ్మ అయితే ముదురు రంగు లేత రంగు మీదికి అర మిల్లీమీటరు ఎక్కేలా ఫిల్ములోనే చూసుకోండి, లేకపోతే మధ్యలో తెల్లటి సందు కనిపిస్తుంది.

ఇద్దరు పనిచేయడం మంచిది. ఒకరు సిరా చేతులు, ఒకరు శుభ్రమైన చేతులు. సిరా మనిషి కాగితాన్ని ముట్టకూడదు. ఒంటరిగా చేస్తే చిన్న కాగితం మడతలను వేళ్ళ మధ్య పట్టుకుని కాగితాన్ని ఎత్తండి.

ఒకసారి గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ఎరుపు వేసి, తాకితే అంటడం లేదు కదా అని గంటలోనే దొంతర పెట్టేశాను. మర్నాడు విప్పితే పదకొండు కాగితాల వీపున ఎర్ర చెప్పు అచ్చు. నాలుగింటికి ముందువైపు తెలుపులో కూడా అంటింది. ఆరబెట్టే చోటు లేకపోతే దండెం కట్టి క్లిప్పులతో వేలాడదీయండి, రాత్రంతా వదిలేయండి. పనయ్యాక స్క్రీన్‌ను వెంటనే కడగాలి, మర్నాటికి ఆపితే మెష్ పోయినట్టే.

9. ఎన్ని ప్రతులు, ఎవరికి

సంప్రదాయం ప్రకారం పెన్సిల్‌తో, బొమ్మ కింద ఎడమవైపు సంఖ్య, మధ్యలో పేరు, కుడివైపు సంతకం. 7/50 అంటే యాభైలో ఏడోది. మొదటిదానికి ఎక్కువ విలువ, చివరిదానికి తక్కువ అని ఏమీ లేదు. కళాకారుడి సొంత ప్రతులకు ఏ.పి. (ఆర్టిస్ట్స్ ప్రూఫ్) అని రాస్తారు, అవి మొత్తంలో పదో వంతు దాటకపోవడం మర్యాద. యాభై అని చెప్పాక యాభై ఒకటోది వేయకూడదు. అయిపోయాక ఎమల్షన్ కరిగించి స్క్రీన్‌ను ఖాళీ చేయండి.

నంబరు, సంతకం ఉంటే ప్రతి అరుదవుతుంది, ధర పెరుగుతుంది. సామాజిక విషయం మీద వేసిన బొమ్మ అరుదుగా ఉండాలా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సిన ప్రశ్న. 1968 పారిస్ పోస్టర్ల మీద ఎవరి సంతకమూ లేదు. "గర్ల్ విత్ బెలూన్" 2004లో స్క్రీన్ ప్రింటుగా వచ్చినప్పుడు 150 సంతకంతో, 600 సంతకం లేకుండా వేశారు. హేరింగ్ తన బొమ్మలు అందరికీ అందాలని 1986లో న్యూయార్క్‌లో సొంత దుకాణమే తెరిచాడు. నేను రెండూ చేస్తాను. మంచి కాగితం మీద సంతకంతో యాభై, పల్చటి కాగితం మీద నంబరు లేకుండా వీలైనన్ని. ఎవరి జీవితం గురించి బొమ్మ వేశానో, అచ్చుకు ముందే వాళ్ళకు చూపిస్తాను, వచ్చిన డబ్బులో వాళ్ళకు చేరాల్సిన భాగం ముందే మాట్లాడుకుంటాను. చూపించినందుకు నాకు దక్కిన మేలు కూడా ఉంది. ఇల్లు పోయిన ఒకావిడ చిత్తును చాలాసేపు చూసి, "పిల్లలు నిద్రపోతే ఇంత బరువుంటారు, ఈ భుజం ఇంకా కిందికి దిగాలి" అంది. ఆమె వేలు పెట్టి చూపించిన చోటే ఇప్పుడు ఆ గీత ఉంది.

10. ఫ్రేము, రవాణా, గోడ

ఫ్రేములో ప్రింటు గాజుకు తగలకూడదు, మధ్యలో యాసిడ్ లేని మౌంటు అట్ట ఉండాలి. వెనక అట్టకు మొత్తంగా జిగురుతో అతికించేయొద్దు. పై అంచున రెండు చోట్ల పల్చటి జపనీస్ కాగితం ముక్కలతో, గోధుమ పిండి జిగురుతో వేలాడదీస్తే ఎప్పుడైనా విడదీయొచ్చు. నేరుగా ఎండ పడని గోడ చూసుకోండి. పంపేటప్పుడు 300 జీఎస్‌ఎం కాగితాన్ని సన్నని గొట్టంలో బిగించి చుడితే గీతలు పడతాయి, రెండు గట్టి అట్టల మధ్య చదునుగా పంపడమే మేలు.

చెడిపోయిన ప్రతులను చించేయకండి. నా పదకొండు కాగితాల్లో వీపున మాత్రమే మరక పడ్డ ఏడింటిని, ఒక గోడ యజమాని అనుమతి తీసుకుని, పిండి జిగురుతో వరసగా అతికించాను. ఒక వంతు పిండికి నాలుగు వంతుల నీళ్ళు, చిక్కబడేదాకా ఉడికిస్తే చాలు. గోడకు ఒక పూత, కాగితం పైన ఒక పూత. అంత మందపాటి కాగితానికి జిగురు బాగా నానేదాకా ఆగి, బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు ఒత్తాలి.

ఆ తర్వాత వీధికి అవతలి వైపు నిలబడి గంటసేపు చూడండి. ఎవరు ఎక్కడ నడక తగ్గించారు, ముందు ఏది చూశారు, చెప్పు దగ్గరికి కన్ను వెళ్ళిందా లేదా, అన్నీ కాగితం మీద రాసుకోండి. తర్వాతి ప్రింటుకు అవే మీ పాఠాలు. నేను నిలబడిన సాయంత్రం ఎక్కువమంది చూడకుండానే వెళ్ళిపోయారు. ఒకామె మాత్రం ఆగింది. భుజం మీద పిల్లాడు నిద్రపోతున్నాడు. గోడ వైపు చూసి, చెయ్యి వెనక్కి పోనిచ్చి, వాడి రెండు పాదాలూ ఒకదాని తర్వాత ఒకటి తడిమి చూసుకుంది.